ఇండోర్ విమానానికి ఏ బాల్సా? ముందు కాటా తీయండి

ఒకే కొలత, ఒకే ధర, ఒకే కవర్లో వచ్చిన రెండు బాల్సా చెక్క షీట్లు. మందం 1 మి.మీ., వెడల్పు 10 సెం.మీ., పొడవు 1 మీటరు. కాటా మీద పెడితే ఒకటి 9 గ్రాములు, రెండోది 19. కంటికి మాత్రం రెండూ ఒకటే. మొదటిదానితో చేసిన బొమ్మ విమానం హాల్లో మెల్లగా గుండ్రంగా ఎక్కి, అంతే మెల్లగా దిగుతుంది. రెండోదానితో చేసింది ఎక్కడానికే ఆయాసపడుతుంది. బాల్సా కొనేటప్పుడు ‘ఏ కంపెనీది మంచిది’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. అడగాల్సింది ‘ఈ షీటు ఎంత తూగుతుంది’ అని.

నేను చెప్పేది రబ్బరు పోగును మెలిపెట్టి వదిలే ఇండోర్ విమానాల గురించి. వీటికి బ్యాటరీ, రిమోట్ ఏమీ ఉండవు. కావలసింది గాలి కదలని పెద్ద గది. మాకు దొరికింది కల్యాణ మండపం. మూఢం వచ్చిందంటే ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, మాకు పండగ మొదలవుతుంది. ఫ్యాన్లు ఆపేసి, తలుపులు మూసి, స్టేజీ మీద మిగిలిన పూలదండలకు రెక్క తగలకుండా చూసుకుంటే చాలు, ఆ హాలు మాదే.

ఇంత తేలిక చెక్క కోసం ఎందుకీ ఆరాటం అంటే, ఈ విమానాల బరువు వింటే అర్థమవుతుంది. అమెరికాలో పెన్నీప్లేన్ అని ఒక తరగతి ఉంది. అక్కడి పాత రాగి పెన్నీ నాణెం 3.1 గ్రాములు, విమానం అంతకన్నా తక్కువ తూగకూడదన్నది నియమం, అందుకే ఆ పేరు. మన 2011 నాటి రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. అంటే రెక్కలు, తోక, ప్రొపెల్లర్ అన్నీ కలిపినా రూపాయంత బరువు ఉండదన్నమాట. ప్రపంచ పోటీలు జరిగే ఎఫ్1డి తరగతి ఇంకా ఘోరం. 55 సెం.మీ. రెక్క ఉన్న విమానం కనీసం 1.4 గ్రాములు ఉండాలి, రబ్బరు 0.4 గ్రాములకు మించకూడదు. రుమేనియాలోని స్లానిక్ ఉప్పు గనిలో ఇవి 20 నిమిషాలకు పైగా గాల్లో ఉంటాయి.

గాల్లో నిలవడానికి కావలసిన శక్తి బరువుకన్నా వేగంగా పెరుగుతుంది. అదే రెక్కతో 4 గ్రాముల విమానం 5 గ్రాములైతే పెరిగిన బరువు 25 శాతం, అదనంగా కావలసిన శక్తి మాత్రం దాదాపు 40 శాతం. రబ్బరు పోగు ఇవ్వగలిగిన శక్తికి హద్దు ఉంది కాబట్టి ఆ తేడా అంతా మనం చెక్కలోనే మిగుల్చుకోవాలి.

ఒకే చెక్కలో ఇంత తేడా ఎందుకు

బాల్సా చెట్టు మన బూరుగుకు దూరపు చుట్టం, రెండూ ఒకే కుటుంబం. మార్కెట్లోకి వచ్చే బాల్సాలో ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి వస్తుంది. స్పానిష్‌లో బాల్సా అంటే తెప్ప. చెట్టు చాలా వేగంగా పెరుగుతుంది, 6 నుంచి 10 ఏళ్ళకే కొట్టేస్తారు. ఎంత వేగంగా పెరిగింది, ఎలాంటి నేలలో పెరిగింది, దుంగలో నడిమి భాగమా బయటి భాగమా అన్నదాన్నిబట్టి బరువు మారిపోతుంది. అందుకే ‘బాల్సా తేలిక చెక్క’ అన్న మాట సగమే నిజం. బాల్సాలో క్యూబిక్ అడుగుకు 4 పౌండ్లు తూగేది ఉంది, 16 పౌండ్లు తూగేదీ ఉంది.

పౌండ్ల లెక్క పాతదే అయినా ఈ పనిలో అందరూ ‘ఆరు పౌండ్ల చెక్క’, ‘పది పౌండ్ల చెక్క’ అనే అంటారు. మెట్రిక్‌లో చెప్పాలంటే 1 పౌండు చెక్క అంటే ఘనపు మీటరుకు 16 కిలోలు. కాబట్టి 4 పౌండ్లది 64 కిలోలు, 6 పౌండ్లది 96, 10 పౌండ్లది 160.

ఇంట్లో లెక్క కట్టడం చాలా తేలిక. నేను మొదట్లో చెప్పిన 1 మి.మీ. షీటు ఉంది చూశారూ, దాని తూకాన్ని గ్రాముల్లో తీసుకుని 1.6తో భాగిస్తే పౌండ్లు వచ్చేస్తాయి. 9 గ్రాముల షీటు ఐదున్నర పౌండ్ల చెక్క, 19 గ్రాములది 12 పౌండ్ల చెక్క. అమెరికా కొలతల్లో వచ్చే షీటు, అంటే 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్నది అయితే 1.77తో భాగించండి. 10.6 గ్రాములు తూగితే సరిగ్గా 6 పౌండ్లు. మందం రెండింతలైతే భాగించే అంకె కూడా రెండింతలు.

నగల దుకాణాల్లో వాడే రకం, 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. బాల్సా కన్నా ముందే కొనండి. వంటింటి కాటా ఈ పనికి రాదు, దానికి ఒక గ్రాము అంటే లెక్కే లేదు.

అన్నిటికన్నా తేలికది కొంటే సరిపోదా?

సరిపోదు. నాకు ఇది డబ్బు పోగొట్టుకుంటే గానీ తెలియలేదు. మొదటిసారి నాలుగున్నర పౌండ్ల షీటు చేతికొచ్చిన సంబరంలో విమానం మొత్తం దానితోనే చేశాను, మోటార్ స్టిక్‌తో సహా. మోటార్ స్టిక్ అంటే రబ్బరు పోగును రెండు చివర్ల పట్టి ఉంచే పొడవాటి వెన్నుపుల్ల. రబ్బరుకు బాగా మెలికలు పెట్టగానే ఆ లాగుడికి స్టిక్ విల్లులా వంగింది. ముక్కు కిందికి తిరిగింది, తోక కోణం మారిపోయింది. ఎక్కాల్సిన విమానం నేలను చూసుకుంటూ పోయి కుర్చీల వరసలో దూరింది. రబ్బరు సడలాక తీసి చూస్తే స్టిక్ నిటారుగా, ఏమీ ఎరగనట్టు ఉంది! దాంతో తప్పు ప్రొపెల్లర్‌లో ఉందేమో అని రెండు వారాలు దాని వెంట పడ్డాను.

మనకు కావలసింది ఒట్టి తేలికదనం కాదు, తేలికగా ఉంటూ వంగకుండా ఉండటం. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఒకే బరువున్న రెండు చదరపు పుల్లలు తీసుకోండి. ఒకటి 10 పౌండ్ల చెక్కతో సన్నగా, ఇంకొకటి 5 పౌండ్ల చెక్కతో లావుగా. చెక్క గుణం చూస్తే 5 పౌండ్లది సుమారు సగం బిగువే. కానీ అదే బరువులో పుల్ల అడ్డకోత వైశాల్యం రెండింతలు వస్తుంది, ఆ లావు వల్ల వంగని గుణం నాలుగు రెట్లు పెరుగుతుంది. సగం పోయినా నికరంగా రెట్టింపు మిగిలింది. తేలిక చెక్క అసలు లాభం ఇదే. దాన్ని లావుగా వాడినప్పుడే ఆ లాభం దక్కుతుంది. బరువైన చెక్కకు గీసిన ప్లాన్‌లోని కొలతలనే ఉంచి, చెక్కను మాత్రం తేలికది వేస్తే నా మోటార్ స్టిక్‌కు పట్టిన గతే పడుతుంది. కొన్ని పోటీల్లో పుల్ల మందం నియమాల్లోనే రాసి ఉంటుంది. అప్పుడు లావు పెంచే వీలు లేదు కాబట్టి కాస్త బరువైన, బిగువైన చెక్కే నయం.

4 పౌండ్ల చెక్కకు ఇంకో ఇబ్బంది ఉంది. గోరు తగిలితే సొట్ట పడుతుంది. పట్టుకోవడం అలవాటయ్యే దాకా కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గ్రెయిన్: కోసిన వాటం

బరువు తర్వాత చూడాల్సింది దుంగను ఏ వాటంలో కోశారు అన్నది. బండి చక్రంలో ఆకులు నడిమి నుంచి అంచుకు ఎలా పోతాయో, ఆ వాటంలో కోస్తే సి-గ్రెయిన్. చక్రం కమ్మీని ఆనుకున్నట్టుగా, పెరుగుదల వలయాల వెంట కోస్తే ఏ-గ్రెయిన్. రెంటికీ నడుమ వచ్చేది బి-గ్రెయిన్, దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అదే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. సి-గ్రెయిన్ షీటును వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే చేప పొలుసుల్లా చిన్న మచ్చలు మెరుస్తాయి. ఏ-గ్రెయిన్‌లో ఆ మెరుపు ఉండదు, పొడుగ్గా గీతలు కనిపిస్తాయి. అనుమానం ఉంటే షీటు రెండు పొడవాటి అంచులూ పట్టుకుని అడ్డంగా మెల్లగా వంచండి. ఏ-గ్రెయిన్ అట్టలా వంగిపోతుంది. సి-గ్రెయిన్ మొండికేస్తుంది, ఇంకాస్త బలవంతం చేస్తే పుటుక్కున చీలుతుంది.

ఆ మొండితనమే కొన్ని చోట్ల మనకు కావాలి. అడ్డంగా వంగకూడని పలుచటి ముక్కలకు, అంటే రిబ్బులకు (రెక్క వంపును నిలిపే అడ్డ ముక్కలు), ప్రొపెల్లర్ రేకులకు, చదునైన తోకలకు సి-గ్రెయిన్. గొట్టంలా చుట్టాల్సిన వాటికి ఏ-గ్రెయిన్. స్పార్లకు, అంటే రెక్క పొడవునా పోయే పుల్లలకు, ఏ-గ్రెయిన్ గానీ బి-గ్రెయిన్ గానీ చాలు, నారలు పుల్ల పొడవునా తిన్నగా పోవడం ముఖ్యం. నారలు పక్కకు జారిపోతున్న పుల్ల ఎంత తేలికైనా పారేయండి, అది ఆ వాలు వెంటే విరుగుతుంది.

ఏ భాగానికి ఏ చెక్క

45 సెం.మీ. రెక్క ఉన్న మామూలు ఇండోర్ విమానం చేస్తున్నారనుకుందాం. నేనైతే ఇలా పంచుతాను.

మోటార్ స్టిక్‌కు 6 నుంచి 8 పౌండ్లు. ఉన్నవాటిలో అన్నిటికన్నా బిగువైన పుల్ల దీనికే పోవాలి. పాతకాపులు దీన్ని పుల్లగా కాకుండా పలుచటి తేలిక షీటును నీళ్ళలో తడిపి కడ్డీ చుట్టూ చుట్టి గొట్టంగా చేస్తారు. ఎఫ్1డి వాళ్ళు ఆ గొట్టానికి వెంట్రుకంత బోరాన్ తీగలు కూడా అంటిస్తారు. మొదటి రెండు మూడు విమానాలకు గొట్టం ఆలోచన పెట్టుకోకండి.

రెక్క స్పార్లకు 5 నుంచి 6 పౌండ్లు. ఇక్కడ తూకం ఒక్కటే చాలదు, జత కుదరాలి. ముందు స్పారు ఎడమ సగం మెత్తగా, కుడి సగం బిగువుగా ఉంటే రబ్బరు పూర్తి మెలికలో ఉన్నప్పుడు రెక్క ఒక పక్కే మెలి తిరుగుతుంది. ఆ విమానం రోజుకో రకంగా ఎగురుతుంది. అందుకే రెండు స్పార్లూ ఒకే షీటులో పక్కపక్కనే కోసుకోవాలి.

తోకకు 4 నుంచి 5 పౌండ్లు. దగ్గరున్న చెక్కల్లో తేలికదంతా ఇక్కడే ఖర్చు పెట్టండి. బరువు నిలిచే బిందువు నుంచి తోక ముక్కుకన్నా మూడింతలు దూరంలో ఉందనుకోండి. తోకలో 0.1 గ్రాము పెరిగితే సరిచేయడానికి ముక్కు మీద 0.3 గ్రాము మట్టి అంటించాలి. మొత్తం 0.4 గ్రాము దండగ.

రిబ్బులకు 5 పౌండ్ల సి-గ్రెయిన్, 0.8 మి.మీ. మందం. వీటి గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు. ప్రొపెల్లర్ రేకులకు కూడా అదే చెక్క. రేకులను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, గుండ్రటి సీసా మీద 15 డిగ్రీల ఏటవాలుగా పెట్టి గుడ్డపీలికతో కట్టి ఆరనిస్తే మెలిక దానంతటదే వస్తుంది. రేకులు అంటించే నడిమి పుల్లకు మాత్రం 8 నుంచి 10 పౌండ్ల చెక్క వాడండి. తేలికది వేస్తే గోడ తగిలిన మొదటిసారే విరుగుతుంది, గోడ తగలడం ఎలాగూ ఖాయం.

ఇలా పంచితే ఎంత మిగులుతుంది? అంతా కలిపి 15 ఘన సెంటీమీటర్ల చెక్క పడిందనుకుంటే, అన్నిటికీ దుకాణంలో దొరికే 10 పౌండ్లది వాడితే 2.4 గ్రాములు. పైన చెప్పినట్టు పంచితే సగటు 6 పౌండ్లు పడుతుంది, 1.44 గ్రాములు. దాదాపు ఒక గ్రాము ఆదా. రూపాయి బిళ్ళ కన్నా తేలికైన విమానంలో గ్రాము అంటే చిన్న సంగతి కాదు.

బిగువు కొలవడానికి కూడా ఆ కాటానే పనికొస్తుంది. ఒకే పొడవు, ఒకే మందం ఉన్న పుల్లలు కోసి, ఒక్కో పుల్లను కాటా మీద నిలువుగా నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. పుల్ల ఒక్కసారిగా విల్లులా వంగుతుంది. ఆ క్షణంలో కాటా చూపించే అంకె రాసుకోండి. ఎక్కువ గ్రాములు చూపించింది బిగువైన పుల్ల. ఆ అంకెను పుల్ల బరువుతో భాగిస్తే ఏది అసలైన బంగారమో తెలుస్తుంది. ఒకే షీటులో పక్కపక్కన కోసిన పుల్లల్లో కూడా తేడా చూసి మొదట్లో ఆశ్చర్యపోతారు.

ఎక్కడ, ఎలా కొనాలి

మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరికే పది షీట్ల ప్యాక్ చౌక. కానీ అందులో ఏం వస్తుందో దేవుడికే ఎరుక. ఒకసారి నాకు ‘లైట్ వెయిట్’ అని రాసి ఉన్న ప్యాక్‌లో ఒక్కటంటే ఒక్కటే 7 పౌండ్ల లోపు వచ్చింది. మిగిలినవి 10 నుంచి 13. అది మోసం అనలేం. రేడియో కంట్రోల్ విమానాలు చేసేవాళ్ళకు ఆ బరువే కావాలి, అమ్మేవాళ్ళ దృష్టిలో అది తేలికే.

రెండో దారి, ఇండోర్ కోసమే ఏరి, ప్రతి షీటు మీదా తూకం రాసి అమ్మే విదేశీ దుకాణాలు. ‘కాంటెస్ట్ గ్రేడ్’ అంటే సాధారణంగా 4 నుంచి 6 పౌండ్లది. ధర ఎక్కువ, పైన పోస్టేజీ, కస్టమ్స్. పొడవు తగ్గించి కోయించుకుంటే పార్సిల్ విరక్కుండా వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. 45 సెం.మీ. విమానానికి మీటరు షీట్లు ఎందుకు? విదేశాల్లో ఉన్న మనవాళ్ళు సెలవులకు వస్తుంటే సూట్‌కేసులో బట్టల నడుమ నాలుగు షీట్లు తెమ్మనడం అన్నిటికన్నా చౌక. ఆవకాయ పట్టుకెళ్ళే పెట్టెలో ఖాళీగా తిరిగి రావడం ఎందుకు!

మూడోది లేజర్‌తో కోసిన కిట్. మొట్టమొదటి విమానానికి నా ఓటు దీనికే, ఎందుకంటే ఆకారాలు సరిగ్గా వస్తాయి. తర్వాత అవే ముక్కల్ని తూచి, మరీ బరువున్న వాటిని మీ దగ్గరున్న మంచి చెక్కతో మార్చుకోవచ్చు. ముందే పుల్లలుగా కోసి కట్టలు కట్టి అమ్మేవి మాత్రం కొనకండి. అందులో ప్రతి పుల్లా వేరే చెట్టుది, జత కుదరదు. షీటు కొని, స్టీలు స్కేలు పెట్టి, కొత్త షేవింగ్ బ్లేడుతో మీరే కోసుకోండి. బ్లేడు మొండిదైతే తేలిక చెక్క తెగదు, నలుగుతుంది.

2020 ప్రాంతంలో బాల్సా ధర ఒక్కసారిగా పెరిగి దొరకడమే కష్టమైంది. కారణం విమానాలు కాదు, గాలిమరలు. వాటి పెద్ద రెక్కల లోపలి పొరకు బాల్సా వాడతారు, చైనాలో గాలిమరల జోరుతో ఈక్వడార్ చెక్కంతా అటు పోయింది. అప్పటి నుంచి నాకొక అలవాటు. మంచి 5 పౌండ్ల షీటు కనిపిస్తే, ఇప్పుడు పని లేకపోయినా కొని దాచుకుంటాను.

మన దగ్గర దొరికేవాటితో కాదా?

ఈ ప్రశ్న ప్రతి ఒక్కరూ అడుగుతారు, అడగాలి కూడా. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తేలికే, చెక్కడానికి వెన్నలా ఉంటుంది. కానీ ఇండోర్‌కు కావలసినంత తేలిక కాదు, పలుచటి షీట్లుగా అమ్మేవాళ్ళూ లేరు. బూరుగు కూడా అంతే, అగ్గిపుల్లలకు మంచిది.

అసలు ఆసక్తికరమైనది జీలుగు బెండు. పెళ్ళిలో వధూవరుల నుదుట కట్టే బాసికం సంప్రదాయంగా చేసేది దాంతోనే. బాల్సా కన్నా తేలిక. మా మండపంలో ఒకసారి పెళ్ళివాళ్ళు వదిలేసిన బాసికం దొరికితే ఇంటికి తెచ్చి కోసి చూశాను. మెత్తగా, తెల్లగా, పట్టుకున్నట్టే అనిపించదు. కానీ పుల్లగా కోస్తే బిగువు లేదు, వేళ్ళ మధ్యే నలిగిపోతుంది. పైలట్ బొమ్మకో, ఉత్తుత్తి చక్రానికో పనికొస్తుంది, స్పారుకు పనికిరాదు.

గాలిపటం వెదురు పుల్ల బాల్సాకన్నా ఎన్నో రెట్లు బరువు, కానీ సన్నగా చీరితే విరగదు. రెక్కను స్టిక్ మీద నిలబెట్టే చిన్న పోస్టులకు, చక్రాల కాళ్ళకు నేను వెదురే వాడతాను. సన్నటి కార్బన్ కడ్డీ కూడా అలాంటిదే, అవసరమైన చోట ఒక ముక్క చాలు.

పిల్లల క్లాసుకు, బడిలో ముప్పై మందితో ఒక పూట చేయించాలంటే బాల్సా పెట్టుకోకండి. పలుచటి ఫోము షీటు, కాగితం, వెదురు పుల్ల చాలు. ఫోము బాల్సాకన్నా తేలికే గానీ అదే బరువులో అంత బిగువు ఇవ్వదు. అయినా ఆ వయసులో విమానం ఎగరడం చూడటం ముఖ్యం, మూడు నిమిషాలు ఎగరడం కాదు.

తేమ సంగతి

బాల్సా గాల్లోని తేమను పీల్చుకుంటుంది. విశాఖలో వానాకాలంలో తూచిన షీటును మే నెలలో మళ్ళీ తూస్తే తగ్గి కనిపిస్తుంది. కాబట్టి రెండు షీట్లను పోల్చేటప్పుడు రెండూ ఒకే గదిలో కనీసం ఒక రోజు ఉండాలి. పోస్టులో తడిసి వచ్చిన పార్సిల్‌ను విప్పిన వెంటనే తూచి అమ్మినవాళ్ళతో గొడవ పడకండి. నేను పడ్డాను, తర్వాత నాలుక కరుచుకున్నాను.

షీట్లను ప్లాస్టిక్ కవర్లో వేసి, రెండు చదునైన పలకల నడుమ పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెడితే వంకర తిరుగుతాయి. తూకం, పౌండ్లు, గ్రెయిన్ మూడూ మెత్తటి పెన్సిల్‌తో షీటు చివర రాయండి. బాల్ పెన్నుతో రాస్తే తేలిక చెక్కలో గాడి పడుతుంది.

ఇక ప్యాక్‌లో మిగిలిపోయిన 12 పౌండ్ల షీట్ల సంగతి. పారేయకండి. రిబ్బులు వంచే అచ్చులు, రెక్క కట్టేటప్పుడు అంచులు కదలకుండా పట్టే దిమ్మలు అన్నీ వాటితోనే చేసుకోవచ్చు. ఇంకా మిగిలితే చేత్తో విసిరే గ్లైడర్‌కు బాడీ చేసి పక్కింటి పిల్లలకు ఇవ్వండి, దాన్ని ఎన్నిసార్లు గోడకు కొట్టినా ఓర్చుకుంటుంది.